వరం కథానాయకుడిది, సందు ప్రతినాయకుడిది

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో సినిమా చూసి వచ్చినవారిని అడిగే మొదటి ప్రశ్నల్లో విలన్ ఎలా చేశాడన్నది తప్పకుండా ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయినప్పుడు గీసిన గీతకు ఆవల ఉండిపోయిన ఈ కుటుంబాల్లో ఇంటి భాష తెలుగు, బడి భాష ఒడియా, టీవీలో వచ్చే ఇంగ్లీషు సినిమాకు డబ్బింగు చాలాసార్లు హిందీ. ఇన్ని వడపోతలు దాటి వచ్చిన సినిమాలో మాటలు కొంత రాలిపోతాయి గాని నటుడి నడక, గొంతు, చూపు మిగులుతాయి. ముసుగు వేసుకుని నేరగాళ్లతో పోరాడే బ్యాట్‌మ్యాన్ కథగా క్రిస్టఫర్ నోలన్ 2008లో తీసిన 'ది డార్క్ నైట్' చిత్రంలో హీత్ లెడ్జర్ వేసిన ప్రతినాయకుడు జోకర్ పాత్ర ఇక్కడివారికి ఇంతగా గుర్తుండిపోవడానికి అది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. ప్రతినాయకుడిని తీరికగా, రాత్రంతా కూర్చుని చూసే అలవాటు ఈ నేలకు ఎప్పటినుంచో ఉంది. ఆ అలవాటుతో చూసిన కంటికి ఈ సినిమాలో బ్యాట్‌మ్యాన్ అభిమానులు మామూలుగా చెప్పని సంగతి ఒకటి కనిపిస్తుంది.

గంజాం ప్రాంతపు ఊళ్లలో ఆడే ప్రహ్లాద నాటకం జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ పేరున ప్రచారంలో ఉన్న పందొమ్మిదో శతాబ్దపు రచన. పాఠం ఒడియా, మధ్యమధ్య సంస్కృత శ్లోకాలు, పాటల నడకలో దక్షిణాది బాణీ స్పష్టంగా వినిపిస్తుంది. పేరు కొడుకుదే అయినా ఆట మాత్రం తండ్రిది. వేదికకు ఒక వైపు మెట్లు కడతారు, పైమెట్టు మీద హిరణ్యకశిపుడి సింహాసనం ఉంటుంది. రాజు వేషధారి తలమీది కిరీటం బరువుకు మెడ నిటారుగా నిలబెట్టుకుని, మద్దెల దెబ్బకు ఒక్కో మెట్టు మీద పాదం తాటిస్తూ దిగుతాడు, పాడుతూనే మళ్లీ ఎక్కుతాడు. కింద చాపల మీద కూర్చున్న జనం ఆ దిగడంలో తప్పటడుగు కోసం చూస్తారు, అది పడకపోతే సంతోషిస్తారు. తెల్లవారుజామున ఆ రాజు చావబోతున్నాడని ప్రతి ఒక్కరికీ తెలుసు. వాళ్లు వచ్చింది చావు చూడడానికి కాదు, ఆ చావు దాకా అతడు ఎలా నిలబడతాడో చూడడానికి.

అలాంటి ప్రేక్షకుడు 'ది డార్క్ నైట్' ముందు కూర్చున్నప్పుడు అతణ్ణి మొదట ఇబ్బంది పెట్టేది జోకర్ క్రూరత్వం కాదు. క్రూరత్వం అతడికి కొత్తేమీ కాదు. కన్నకొడుకును ఏనుగుల కాళ్ల కిందకు తోయించిన తండ్రిని, పాములతో కరిపించిన తండ్రిని అతడు చిన్నప్పటినుంచి చూస్తూనే ఉన్నాడు. అతడికి పాలుపోని ప్రశ్న వేరు: ఇంతకీ వీడికి ఏం కావాలి?

తెలుగు వెండితెర మీద నిలిచిపోయిన ప్రతినాయకులందరూ ఏదో ఒకటి కోరినవాళ్లే. 1963లో 'నర్తనశాల'లో కీచకుడిగా ఎస్వీ రంగారావు నిలువెల్లా కామం, 1967లో 'భక్త ప్రహ్లాద'లో హిరణ్యకశిపుడిగా ఆయనే నిలువెల్లా అహంకారం. 1977లో 'దాన వీర శూర కర్ణ'లో ఎన్టీ రామారావు దుర్యోధనుడికి మానాభిమానాలే ప్రాణం. హిరణ్యకశిపుడి పగకు తోబుట్టువు హిరణ్యాక్షుడి చావు కారణం, దుర్యోధనుడి పగకు మయసభ కారణం. ఇటీవలి సినిమాల్లో భూములు మింగే నాయకుడికీ, గనులు తవ్వే పెద్దమనిషికీ కూడా కోరిక ఉంటుంది, ఎంత నీచమైనదైనా సరే. కోరిక ఉన్నవాడితో బేరం సాధ్యం, బేరం చెడితే యుద్ధం సాధ్యం. జోకర్ మొదట బేరగాడిగానే కనిపిస్తాడు. గూండా నాయకుల సమావేశంలోకి పిలవకుండా నడిచివచ్చి, బల్లమీద పెన్సిల్ నిలబెట్టి, దాన్ని మాయం చేసే గారడీ చేస్తానని చెప్పి, తనమీదికి వచ్చిన మనిషి తలను ఒక్క విసురుతో ఆ పెన్సిల్ మీదికి గుద్దిన తర్వాత, బ్యాట్‌మ్యాన్‌ను చంపడానికి వాళ్ల సొమ్ములో సగం అడుగుతాడు. ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు, డబ్బు మనిషే కదా అని. ఆ తర్వాత నోట్ల కట్టల కొండ మీద కిరోసిన్ పోసినట్టు పెట్రోలు పోసి నిప్పంటించే సన్నివేశం వచ్చేసరికి ఆ ధైర్యం కూడా కాలిపోతుంది. తన వాటాను మాత్రమే కాల్చుతున్నానని అతడు నింపాదిగా చెప్పడం అందులో ఇంకా వింత.

ఈ వైపు తెలుగువారికి 'జోకర్' అనే మాట కామిక్ పుస్తకాల కంటే ముందు రెండు చోట్ల పరిచయం. ఒకటి సర్కస్ డేరా, రెండోది పేకాట. రమ్మీ ఆడేవాడికి జోకర్ అంటే తనకంటూ విలువ లేని, ఏ ముక్క లేకపోతే ఆ ముక్క చోట కూర్చునే ముక్క. సినిమా ఆ అర్థాన్ని వాడుకుంటుంది. అతడి పేరు ఎవరికీ తెలియదు. పోలీసులు పట్టుకుని జేబులు వెతికితే కత్తులూ దూదిపీచూ తప్ప ఏమీ దొరకవు. వేలిముద్రలు ఏ రికార్డుతోనూ కలవవు. నోటి మూలల గాట్లకు కారణంగా ఒకసారి తాగుబోతు తండ్రి కథ చెబుతాడు, ఇంకోసారి భార్య కోసం తానే కోసుకున్న కథ చెబుతాడు. మూడోసారి మొదలుపెట్టేసరికి బ్యాట్‌మ్యాన్ వినడు. మొదటి కథకు కొంచెం జాలిపడ్డ ప్రేక్షకుడు రెండో కథ దగ్గర తాను మోసపోయానని గ్రహిస్తాడు, తన జాలి ఎంత తేలిగ్గా చేతిలోంచి జారిపోయిందో చూసుకుని సిగ్గుపడతాడు. పూర్వజన్మ శాపమో, తల్లిదండ్రుల తప్పో చెప్పకపోతే రాక్షసుడు అర్థం కాడనుకునే పురాణ శ్రోతకు ఇది పెద్ద దెబ్బ. జయవిజయుల శాపం లేని హిరణ్యకశిపుణ్ణి ఊహించుకోవడం ఎంత కష్టమో ఇదీ అంతే.

పాత్ర ప్రవేశం సంగతి కూడా చెప్పుకోవాలి. ఉత్తరాంధ్ర వీధినాటకమైన తూర్పు భాగవతం చూసినవారికి ప్రవేశ దరువు అంటే ఏమిటో తెలుసు: తెర వెనక నుంచి పాత్ర తానెవరో పాడుకుంటూ, మద్దెల హోరులో, కులమూ బలమూ చెప్పుకుంటూ వస్తుంది. సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ జోకర్‌కు కట్టిన దరువులో రాగమే లేదు. సెల్లో తీగ మీద ఒకే స్వరాన్ని లాగి, లాగి, తెగుతుందేమో అనిపించేదాకా బిగించి వదిలేస్తాడు. చెప్పుకోవడానికి కులం గోత్రం లేనివాడికి అంతకంటే తగిన దరువు ఉండదు. మాటలు హిందీలోకి మారినా, తెలుగులోకి మారినా ఈ తీగ మారదు. ముఖాన రంగు సైతం అలాంటిదే. భాగవతుల వేషంలో రంగు అంటే క్రమం: ఎవరికి ఏ రంగో, కాటుక ఎంతదాకా సాగాలో లెక్క ఉంటుంది. ఇతడి తెలుపు పగుళ్లు వారి ఉంటుంది, ఎరుపు పెదవులు దాటి పోతుంది, కళ్ల చుట్టూ నలుపు చెమటకు కారుతుంది. చేతివేళ్లతో తానే పూసుకున్నట్టు ఉంటుంది. రంగు లేకుండా పోలీసు దుస్తుల్లో, వందనం చేసే వరుసలో నిలబడి అతడు కనిపించేది ఒక్క క్షణమే. ఆ క్షణంలో అతణ్ణి గుర్తుపట్టనివారు ఎక్కువ.

ఇక అసలు సంగతి. పోలీసు స్టేషన్ గదిలో బ్యాట్‌మ్యాన్, జోకర్ ఎదురెదురుగా కూర్చునే సన్నివేశం సినిమాకు గుండెకాయ. తెలుగు సినిమా అలవాటు ప్రకారం ఇక్కడితో కథ తేలిపోవాలి, ఎందుకంటే నాయకుడి చేతికి ప్రతినాయకుడు చిక్కాడు, గది తలుపుకు గడియ కూడా పడింది. దెబ్బలు పడతాయి కూడా. తలను బల్లకేసి కొడతాడు, గోడకేసి కొడతాడు. జోకర్ నవ్వుతూనే ఉంటాడు. తనను బెదిరించడానికి ఎదుటివాడి దగ్గర ఏమీ లేదని, అంత బలమూ దేనికీ పనికిరాదని తేల్చి చెబుతాడు. అంతకుముందే మరో మాట అంటాడు: నీకు ఒక్క నియమం ఉంది, ఈ రాత్రి దాన్ని నువ్వు తప్పక తప్పదు అని. ఆ నియమం ఏమిటో చూసేవాళ్లందరికీ తెలుసు. బ్యాట్‌మ్యాన్ ఎవరినీ చంపడు.

ఇక్కడ ప్రహ్లాద కథ తెలిసిన ప్రేక్షకుడి మనసులో ఏదో తట్టాలి. హిరణ్యకశిపుడు కోరుకున్న వరం ఒట్టి బలం కాదు, అది షరతుల పత్రం. మనిషి వల్ల గాని మృగం వల్ల గాని కాదు, పగలు గాని రాత్రి గాని కాదు, లోపల గాని బయట గాని కాదు, నేలమీద గాని ఆకాశంలో గాని కాదు, ఆయుధంతో కాదు. ఏ వకీలూ అంతకంటే గట్టిగా రాయలేడు. నరసింహుడు ఆ పత్రాన్ని చించడు. దాన్ని అక్షరాలా గౌరవిస్తూనే ప్రతి రెండు పదాల మధ్య ఉన్న సందును పట్టుకుంటాడు: సంధ్యవేళ, గడపమీద, తొడమీద, గోళ్లతో, మనిషీ మృగమూ కాని రూపంతో. కథలో వినేవాడికి కలిగే ఆనందంలో సగం ఆ సందుల లెక్కలోనే ఉంది.

'ది డార్క్ నైట్'లో ఈ ఏర్పాటు తలకిందులైంది. షరతుల పత్రం కథానాయకుడి చేతిలో ఉంది. చంపను అన్నది బ్యాట్‌మ్యాన్ తనకు తాను ఇచ్చుకున్న వరం; గోతం నగరంలో అతడికీ అతడు కొట్టే గూండాలకూ తేడా ఆ ఒక్క మాటతోనే నిలబడి ఉంది. సందులు వెతికే పని ప్రతినాయకుడికి దక్కింది. జోకర్ ఆ నియమాన్ని బద్దలు కొట్టడానికి సుత్తి తేడు, దాని చుట్టూ తిరిగి ఎక్కడ కీలు వదులుగా ఉందో తట్టి చూస్తాడు. ముసుగు తీయకపోతే రోజుకొకరు చస్తారంటాడు. చంపని మనిషి వల్ల జనం చస్తుంటే ఆ నియమం ఎవరికోసం అన్నది అక్కడి మొదటి సందు. బ్యాట్‌మ్యాన్ ప్రేమించిన రేచల్‌నూ, నగర ప్రభుత్వ న్యాయవాది హార్వీ డెంట్‌నూ బంధించి, వాళ్లు ఉన్న చోట్ల చిరునామాలు తారుమారు చేసి చెబుతాడు. ఎవరిని కాపాడాలో ఎంచుకోవడం కూడా ఒకరిని చంపడమే కదా అన్నది రెండో సందు. నడివీధిలో తనమీదికి మోటారు సైకిల్ దూసుకువస్తుంటే పక్కకు తప్పుకోకుండా గుద్దమని పిలుస్తాడు. బ్యాట్‌మ్యాన్ చివరి క్షణంలో బండిని పక్కకు తిప్పి తానే పడిపోతాడు. స్తంభం చూపించి ఇందులో ఉన్నాడా నీ హరి అని అడిగిన గొంతు ఒకటి, గుద్దు రా అని పిలిచిన ఈ గొంతు ఒకటి. రెండూ ఎదుటివాడి నమ్మకాన్ని అక్కడికక్కడే పరీక్షకు పెట్టే గొంతులే.

పోలికను మరీ సాగదీయకూడదు. నరసింహుడు ధర్మం తరఫున సందు వెతికాడు, ఇతడు నియమం అనేదే వట్టి నటన అని రుజువు చేయడానికి వెతుకుతాడు. కాని ప్రేక్షకుడు లోలోపల అతడి వైపు ఎందుకు ఒరుగుతాడన్న ప్రశ్నకు ఇందులో జవాబుంది. జోకర్‌ను చూసి చప్పట్లు కొట్టే కుర్రవాళ్లందరూ హింసను మెచ్చుకుంటున్నారని పెద్దలు విసుక్కోవడం మామూలే. ఆ చప్పట్లలో కొంత భాగం తెలివికి పడేది. చిక్కుముడి విప్పేవాణ్ణి మెచ్చుకోవడం వేల ఏళ్లుగా కథలు వినే జాతికి అలవాటే, ఆ విప్పేవాడు ఈసారి ఎటువైపు నిలబడ్డాడన్నది కొంత ఆలస్యంగా తడుతుంది.

మరి సందు దొరికిందా? చాలామంది దొరకలేదనే అనుకుంటూ థియేటర్ వదులుతారు, ఎందుకంటే ఎత్తైన కట్టడం నుంచి పడిపోతున్న జోకర్‌ను బ్యాట్‌మ్యాన్ తాడుతో పట్టి ఆపుతాడు, చావనివ్వడు. తలకిందులుగా వేలాడుతున్న అతడి ముఖాన్ని కెమెరా మెల్లగా తిరిగి నిటారుగా చూపిస్తుంది. అంటే తలకిందులైంది లోకమే. అయితే ఆ తర్వాత వచ్చే పది నిమిషాలను జాగ్రత్తగా చూడాలి. నగరం నమ్ముకున్న న్యాయవాది హార్వీ డెంట్ ముఖం సగం కాలి, మనసు మొత్తం కాలి, పోలీసు అధికారి గార్డన్ కొడుకు తలకు తుపాకి పెట్టి నాణెం ఎగరేస్తాడు. పిల్లవాణ్ణి కాపాడడానికి బ్యాట్‌మ్యాన్ డెంట్ మీదికి దూకుతాడు, ఆ ఊపుకు ముగ్గురూ అంచు దాటిపోతారు. పిల్లవాడు దక్కుతాడు, డెంట్ కిందపడి చనిపోతాడు. చంపనని ఒట్టుపెట్టుకున్న చేయి చివరికి ఒక ప్రాణం తీసింది, అదీ జోకర్ ప్రాణం కాదు, నగరంలో అందరికంటే మంచివాడనిపించుకున్నవాడి ప్రాణం. సినిమా దీన్ని పెద్ద గొంతుతో చెప్పదు, నాయకుడు కూడా ఆ విషయం ఎత్తడు. గడపమీద, సంధ్యవేళ జరిగినట్టు, చంపడమూ కాపాడడమూ కాని ఒక రెప్పపాటులో ఆ పని జరిగిపోయింది.

రెండు పడవల ఘట్టం దీనికి ఎదురు సాక్ష్యం. ఒక పడవలో ఖైదీలు, మరొక పడవలో మామూలు పౌరులు. ఒక్కో పడవలో అవతలి పడవను పేల్చే మీట. అర్ధరాత్రి దాకా జోకర్ పెట్టిన గడువు. పౌరుల పడవలో ఓటు పెడితే పేల్చాలన్నదే గెలుస్తుంది, కాని మీట తిప్పడానికి ఎవరి చేయీ లేవదు. ఖైదీల పడవలో ఒక భారీకాయుడు అధికారి చేతిలోంచి మీట తీసుకుని కిటికీలోంచి నీళ్లలోకి విసిరేస్తాడు. జోకర్ వాదం ఓడిపోయేది ఇక్కడొక్కచోటే. ఈ ఘట్టం చాలామందికి నమ్మశక్యంగా అనిపించదు, కొంత బడిపాఠంలా ఉన్న మాట నిజమే. అయినా ఆ ఓటు, ఆ తర్వాతి మౌనం మాత్రం అబద్ధం కాదు. చేతులెత్తి తీర్మానం చేయడం వేరు, మీట తిప్పడం వేరు అన్నది ఏ పంచాయతీలోనైనా కనిపించేదే.

సినిమాలో లోపాలు లేకపోలేదు. తనకు ఏ పథకమూ లేదని, కారు వెంట పరుగెత్తే కుక్కలాంటివాణ్ణని జోకర్ ఆసుపత్రి మంచం పక్కన డెంట్‌తో చెప్పుకుంటాడు. మొదటి సన్నివేశంలో బ్యాంకు దోచినవాడు దొంగలు ఒకరినొకరు ఏ వరుసలో చంపుకోవాలో, స్కూలు బస్సుల బారులోకి తన బస్సు ఏ క్షణంలో దూరాలో లెక్కగట్టినవాడే. కాబట్టి ఆ మాట అబద్ధం, అతడి అబద్ధాల్లో అన్నిటికంటే ఎక్కువగా నమ్మబడింది అదే. అదృష్టం అతడికి అవసరమైన ప్రతిచోటా కలిసి రావడం, డెంట్ మంచి నుంచి చెడుకు అంత తొందరగా దొర్లిపోవడం రచనలో బలహీనతలే. నగరంలోని ఫోన్లన్నిటినీ వినే యంత్రాన్ని బ్యాట్‌మ్యాన్ వాడుకుని, పని అయ్యాక నాశనం చేయించి చేతులు దులుపుకోవడం కూడా అంత సులభంగా క్షమించదగ్గది కాదు. సేవకుడు ఆల్‌ఫ్రెడ్ బర్మా అడవుల్లో కెంపులు దోచి పారేసిన బందిపోటు కథ చెబుతాడు. వాణ్ణి ఎలా పట్టుకున్నారని అడిగితే అడవినే తగలబెట్టామంటాడు. ఖాండవ దహనం చదివినవారికి ఆ జవాబు వినగానే ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే అడవి కాలినప్పుడు పోయేవి బందిపోటు ప్రాణాలొక్కటే కావు.

నటుడి గురించి ఒక మాట. లెడ్జర్ 2008 జనవరి 22న, 28 ఏళ్ల వయసులో, సినిమా విడుదలకు ఆరు నెలల ముందే చనిపోయాడు. సహాయ నటుడి ఆస్కార్ 2009లో అతడి తరఫున కుటుంబం అందుకుంది. పాత్రే అతణ్ణి మింగిందన్న మాట లోకమంతా పాకింది, ఈ ప్రాంతంలో ఇంకా తేలిగ్గా నాటుకుంది. ప్రహ్లాద నాటకంలో నరసింహుడి ముఖాన్ని పూజ చేశాకే పెట్టుకుంటారు. పెట్టుకున్నవాడికి పూనకం వస్తే పట్టి ఆపడానికి మనుషులు సిద్ధంగా ఉంటారు. ముఖం మనిషిని పట్టుకుంటుందన్నది ఇక్కడివారికి కట్టుకథలా తోచదు. వైద్య పరీక్షలో తేలింది మాత్రం మందులు ఒకదానితో ఒకటి కలిసి ప్రమాదవశాత్తు జరిగిన మరణమని. అప్పటికి అతడు జోకర్ పాత్ర ముగించి మరో సినిమాలో నటిస్తున్నాడు. పైగా ఆ పాత్రలో కనిపించేది పూనకం కాదు, లెక్క. పెదవులు తడుపుకునే నాలుక, వాక్యం మధ్యలో మారే గొంతు, భుజాలు వంచి నడిచే నడక, అన్నీ సాధనతో కుదిర్చినవే. పూనకమని అనడం ఆ సాధనను తక్కువ చేయడమే అవుతుంది.

2019లో వచ్చిన 'జోకర్' చిత్రం ఇదే పేరున్న మనిషికి తల్లిని, పేదరికాన్ని, జబ్బును, అవమానాలను ఇచ్చింది. వాకీన్ ఫీనిక్స్ నటన గొప్పదే, ఉత్తమ నటుడి ఆస్కార్ కూడా వచ్చింది. శాపం కథ వినందే రాక్షసుణ్ణి ఒప్పుకోని ప్రేక్షకుడికి ఆ సినిమా ఎక్కువ దగ్గర. అయితే కారణం తెలిసిన జోకర్‌ను చూసి జాలిపడవచ్చు, భయపడడం కష్టం. పేకలో అతడికి ఇక ఒక రంగు, ఒక అంకె వచ్చేశాయి.

రెండు కథల్లోనూ నడుమ ఒక పిల్లవాడు ఉన్నాడు. ప్రహ్లాదుడి ఎదుట స్తంభం పగిలింది; తండ్రి చనిపోయాక ఉగ్రుడైన నరసింహుడి దగ్గరకు దేవతలు కూడా వెళ్లలేకపోతే పిల్లవాడే వెళ్లి శాంతింపజేశాడు, వరం కోరుకోమంటే తండ్రికి మంచి గతి కోరాడు. గార్డన్ కొడుకు ఎదుట డెంట్ పడిపోయాడు. బ్యాట్‌మ్యాన్ కిందకు దిగి, శవం తలను పక్కకు తిప్పి, కాలని సగం పైకి వచ్చేలా పెట్టాడు. నగరానికి ఆ సగమే కనిపించాలని, హత్యలన్నీ తన మీద వేసుకుంటానని చెప్పి చీకట్లోకి పరుగెత్తాడు. ఆయన ఏ తప్పూ చేయలేదు కదా, ఎందుకు పారిపోతున్నాడు అని పిల్లవాడు తండ్రిని అడిగాడు. మేం తరమాలి కాబట్టి అన్నాడు తండ్రి. జరిగినదంతా కళ్లారా చూసినవాడు ఆ పిల్లవాడు, మర్నాటి నుంచి ఊరంతా చెప్పుకునే అబద్ధం వింటూ పెరగాల్సినవాడూ వాడే.